డైపోల్‌ను డైపోల్ చేసేది ఏమిటి? 14 మెగాహెర్ట్జ్ తీగతో ఒక ప్రాజెక్టు డైరీ

శనివారం: లెక్కలు

డైపోల్ యాంటెన్నా అంటే ఏమిటని అడిగితే హామ్ రేడియో (ఔత్సాహికులు లైసెన్సుతో నడిపే రేడియో) పరీక్షకు చదివినవారంతా ఇంచుమించు ఒకే జవాబు చెబుతారు: అర తరంగదైర్ఘ్యం పొడవున్న తిన్నని తీగ, సరిగ్గా మధ్యలో కోసి అక్కడ ఫీడు ఇచ్చినది, అంటే రేడియో నుంచి వచ్చే కేబుల్ కలిపినది. జవాబు సరైనదే. కానీ అందులో మూడు షరతులు కలిసిపోయి ఉన్నాయి. పొడవు అర తరంగం ఉండాలి, తీగ వంగకూడదు, ఫీడు నడిమధ్యలో ఉండాలి. వీటిలో దేన్ని తీసేస్తే డైపోల్ డైపోల్ కాకుండా పోతుంది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. చదివి తలూపడం కాకుండా ఒక తీగ కట్టి, షరతులను ఒక్కొక్కటిగా సడలించి, ప్రతిసారీ కొలిచి చూడాలని ఈ పని మొదలుపెట్టాను.

బ్యాండ్ ఎంచుకోవడం తేలికే. 14.000 నుంచి 14.350 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 20 మీటర్ల బ్యాండ్‌లో అర తరంగం పది మీటర్ల చిల్లర. అంత తీగ ఒక్కడినే మోయగలను, దించగలను, మళ్లీ ఎక్కించగలను. అంతే ఎత్తు స్తంభాలు దొరికితే యాంటెన్నా ఎత్తు కూడా అర తరంగం అవుతుంది. ఆ ఎత్తు వల్ల ఏం లాభమో తర్వాత రాస్తాను.

శూన్యంలో అర తరంగం ఎన్ని మీటర్లో తెలియాలంటే 150ని మెగాహెర్ట్జ్‌లోని పౌనఃపున్యంతో భాగించాలి. బ్యాండ్ నడుమ ఉన్న 14.15కు అది 10.6 మీటర్లు. అయితే అచ్చంగా అంత పొడవు తీగ కడితే అనునాదం రాదు. సన్నని తీగకు, చుట్టూ ఏ వస్తువూ లేనప్పుడు, ఫీడు దగ్గర 73 ఓమ్‌ల నిరోధంతో పాటు 42 ఓమ్‌ల పైచిలుకు ప్రేరక రియాక్టెన్స్ (శక్తిని ఖర్చు చేయకుండా కరెంటును వెనకబెట్టే అడ్డు) కనబడుతుంది. తీగను కాస్త కురచ చేస్తేనే ఆ రియాక్టెన్స్ సున్నాకు వస్తుంది; అదే అనునాదం. అందుకే వాడుకలోని సూత్రంలో 150 బదులు సుమారు 143 ఉంటుంది. అడుగుల్లో లెక్క వేసేవారికి అది 468. దాని ప్రకారం నాకు రావలసినది 10.1 మీటర్లు.

ఈ సూత్రాన్ని నేను ఆరంభానికి మాత్రమే వాడతాను. తీగ మందం, పైన ఉన్న పీవీసీ తొడుగు, నేలకు దూరం, పక్కనున్న లోహం, ఇవన్నీ అనునాదాన్ని జరుపుతాయి. ఒక్క తొడుగు వల్లనే పొడవు రెండు నుంచి ఐదు శాతం దాకా తగ్గించాల్సి వస్తుంది. నా దగ్గర ఉన్నది తొడుగు వేసిన, పలు పోగుల రాగి తీగ. కోసింది ఒక్కో రెక్క (ఫీడుకు అటూ ఇటూ ఉండే తీగ భాగం) 5.20 మీటర్లు. కురచైన తీగను సాగదీయలేం, పొడవుగా ఉన్నదాన్ని మడవగలం.

ఆదివారం: మధ్య ముక్క, చోక్

మందపాటి ప్లాస్టిక్ పలక ముక్కకు రంధ్రాలు వేసి, ఒక్కో రెక్క తీగను మూడు రంధ్రాల్లో పైకీ కిందికీ దూర్చాను. లాగుడు బలం ఆ అల్లికే మోయాలి, టంకం మీద పడకూడదు. గాలికి ఊగే తీగ టంకం పెట్టిన చోటే విరుగుతుంది. ఎందుకంటే అక్కడ పోగులన్నీ ఒకే గట్టి కడ్డీలా మారి, మెత్తని తీగ మొదలయ్యే గీత దగ్గర అలసిపోతాయి. పలక నడుమ కోయాక్స్ కేబుల్ (నడితీగ, దాని చుట్టూ షీల్డు అనే లోహపు అల్లిక ఉండేది) బిగించే సాకెట్, పైన తాడుకు ఒక కొక్కెం.

టంకం అయ్యాక ప్రతి కీలు మీదా తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాను. కోయాక్స్ లోపలి షీల్డు అల్లికలోకి నీరు ఒకసారి చేరితే మీటర్ల కొద్దీ పాకుతుంది. అలాంటి కేబుల్ పైకి నిగనిగలాడుతూనే సగం శక్తిని తినేస్తుంది.

ఇక చోక్. 2.4 అంగుళాల వెలుపలి వ్యాసం ఉన్న ఫెర్రైట్ రింగు, మిక్స్ 31 రకం. దాని మీద ఆర్‌జీ-58 కోయాక్స్ 12 చుట్లు. దీన్ని 1:1 కరెంట్ బాలన్ అని కూడా అంటారు. కోయాక్స్ లోపల నడితీగలోనూ, షీల్డు లోపలి ముఖం మీదా ఎదురెదురుగా పారే సమాన కరెంట్లకు ఈ రింగు కనబడదు. వాటి అయస్కాంత ప్రభావాలు పరస్పరం చెరిగిపోతాయి. షీల్డు బయటి ముఖం మీద పారబోయే కరెంటుకు మాత్రం ఇది పెద్ద అడ్డంకి.

ఎంత పెద్దదో కొలిచాను. చోక్ షీల్డు రెండు చివర్లనూ నానోవీఎన్ఏ (యాంటెన్నాలు, కేబుళ్లు కొలిచే చిన్న ఎనలైజర్) రెండు పోర్టుల నడుమ శ్రేణిలో పెట్టి చూస్తే 14.15 దగ్గర 34 డెసిబెల్ నష్టం చూపింది. 50 ఓమ్‌ల పరికరాల నడుమ అంత నష్టం రావాలంటే అడ్డంగా ఉన్న ఇంపెడెన్స్ (నిరోధం, రియాక్టెన్స్ కలిసిన మొత్తం అడ్డు) సుమారు 5,000 ఓమ్‌లు ఉండాలి. ఇది చాలు. దీని అసలు పరీక్ష చివరికి ఉంచాను. అప్పటిదాకా ప్రతి కొలతలోనూ చోక్ ఫీడు దగ్గరే ఉంటుంది.

మంగళవారం సాయంత్రం: నేలకు రెండు మీటర్ల ఎత్తులో

తీగను నైలాన్ తాళ్లతో రెండు మీటర్ల ఎత్తున కట్టాను. కొలిచే ముందు నానోవీఎన్ఏ కాలిబ్రేషన్‌ను కోయాక్స్ అవతలి కొసన, అంటే యాంటెన్నా తగిలే చోట, ఓపెన్, షార్ట్, లోడ్ పెట్టి చేశాను. ఇది ఓపికతో చేయాల్సిన పని. రేడియో దగ్గర కాలిబ్రేషన్ చేస్తే తెరపై కనబడేది యాంటెన్నా ఇంపెడెన్స్ కాదు, కేబుల్ పొడవును బట్టి మారిపోయిన దాని రూపం. ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా కేబుల్‌కు ఎంత కుదిరిందో చెప్పే నిష్పత్తి; 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) ఒక్కటే చూసుకునేవారికి పెద్ద తేడా ఉండదు. డైపోల్ గురించి ఏదైనా నేర్చుకోవాలంటే మాత్రం నిరోధాన్నీ రియాక్టెన్స్‌నూ విడివిడిగా చూడాలి.

మొదటి అనునాదం 13.15 మెగాహెర్ట్జ్. అనుకున్నట్టే పొడవు ఎక్కువ. పొడవును పౌనఃపున్యంతో గుణిస్తే వచ్చే విలువ కొంచెం కొంచెం మార్పులకు దాదాపు స్థిరంగా ఉంటుంది కాబట్టి కావలసిన పొడవు ఆ నిష్పత్తితోనే తెలుస్తుంది. రెక్కల చివర్లను సమానంగా వెనక్కి మడిచి, తీగ మీదే గట్టిగా మెలిపెట్టాను. 30 సెంటీమీటర్ల మడతకు అనునాదం 13.94కు వచ్చింది. అక్కడే ఆపేశాను. నేలకు ఇంత దగ్గరగా ఉన్న డైపోల్, పైకి లేచాక ఎక్కువ పౌనఃపున్యానికి జరుగుతుంది. ఇక్కడే 14.15కు తెస్తే పైకి వెళ్లాక బ్యాండ్ దాటిపోతుంది.

ఈ ఎత్తులో నిరోధం 45 ఓమ్‌లు మాత్రమే. ఎస్‌డబ్ల్యుఆర్ 1.1 చూపుతోంది. 50 ఓమ్‌ల కేబుల్‌కు ఇంత అందంగా కుదిరిన ఈ స్థితి యాంటెన్నాగా చూస్తే బలహీనమైనది. నేల తరంగదైర్ఘ్యంలో పదో వంతు దూరంలో ఉన్నప్పుడు శక్తిలో చెప్పుకోదగ్గ భాగం మట్టిని వెచ్చబెట్టడానికి పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నిటారుగా ఆకాశంలోకి వెళ్తుంది. ఎస్‌డబ్ల్యుఆర్ తక్కువగా ఉన్నంత మాత్రాన యాంటెన్నా మంచిదనుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అదే చీకట్లో: నియాన్ దీపం

తీగ చేతికందే ఎత్తులో ఉండగానే చూడవలసిన సంగతి ఒకటుంది. ఖాళీ పౌనఃపున్యం విని నిర్ధారించుకుని, కాల్‌సైన్ ఇచ్చి, 5 వాట్ల క్యారియర్ (మాట లేని ఉత్త తరంగం) పంపాను. ఎండిన పీవీసీ గొట్టం కొసకు చిన్న నియాన్ దీపం కట్టి తీగ చివరికి ఆనించాను. ఏ తీగా దానికి కలపలేదు. అయినా నారింజ రంగులో వెలిగింది. గొట్టాన్ని తీగ వెంబడి మెల్లగా మధ్యకు జరుపుతూ వచ్చాను. వెలుగు పలచబడింది, వణికింది, రెక్క సగం దాటాక ఆరిపోయింది. ఫీడు దాటి రెండో రెక్కలోకి వెళ్లాక మళ్లీ సగం దగ్గర మొదలై, చివరికొచ్చేసరికి మొదటి రెక్క చివరిలాగే నిండుగా వెలిగింది.

వోల్టేజి చివర్లలో గరిష్ఠం, మధ్యలో కనిష్ఠం. 5 వాట్లకే చివర్లలో కొన్ని వందల వోల్టులు ఉంటాయి. 100 వాట్లకు వెయ్యి దాటుతుంది. రెక్కల చివర్లు మనిషికి అందే ఎత్తులో వదలకూడదనే నియమం ఇందుకే.

కరెంటు కథ దీనికి తలకిందులు. దాన్ని కొలవడానికి రెండు చెక్కలుగా విడిపోయే ఫెర్రైట్ బిళ్ల తీసుకుని, ఒక చెక్క మీద సన్నని తీగ పది చుట్లు చుట్టి, 50 ఓమ్‌ల నిరోధకం, 1ఎన్34ఏ జెర్మేనియం డయోడు, చిన్న కెపాసిటర్, 100 మైక్రోఆంపియర్ల మీటరు కలిపాను. యాంటెన్నా తీగను కోయకుండానే దాని చుట్టూ బిళ్లను మూసేయవచ్చు. అంకెలు సాపేక్షమే, డయోడు వల్ల చిన్న విలువలు ఇంకాస్త చిన్నవిగా కనబడతాయి. ఫీడు పక్కన సూది 90 దగ్గర నిలిచింది. రెక్క సగంలో 62. చివరికి అరమీటరు ఇవతల 12. కొసైన్ వక్రరేఖను గీతల కాగితం మీద చూడటం వేరు, తీగ వెంట నడుస్తూ సూది దిగిపోవడం చూడటం వేరు.

రెండో రెక్క మీదా అదే వరుస: ఫీడు పక్కన 88. డైపోల్‌లో నాకు అన్నిటికన్నా అందంగా తోచే విషయం ఇక్కడే ఉంది. ఫీడు దగ్గర ఒక రెక్కలోకి ఎంత కరెంటు వెళ్తుందో రెండో రెక్కలోంచి అంతే కరెంటు తిరిగి వస్తుంది. కోయాక్స్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఎదురెదురుగా పారతాయి కాబట్టి వాటి క్షేత్రాలు చెరిగిపోయి కేబుల్ ప్రసరించదు. రెక్కలను చెరో వైపు విప్పగానే పరిస్థితి మారుతుంది. ఎడమ రెక్కలో మధ్య వైపు పారే కరెంటూ, కుడి రెక్కలో చివరి వైపు పారే కరెంటూ ఇప్పుడు ఒకే దిశలో ఉన్నాయి. ఒకదాన్నొకటి చెరిపేసుకోవాల్సినవి కలిసి పనిచేస్తున్నాయి. ప్రసారం అంతా ఆ కలయిక వల్లనే.

శనివారం: పైకి

పది మీటర్ల పైన, ఇంచుమించు 10.5 దగ్గర, రెండు స్తంభాల నడుమ కట్టాను. కరెంటు లైన్లకు తాళ్లు తెగి పడినా తగలనంత దూరంలో ఉన్నాయా అని ముందే చూసుకున్నాను. ఒక చివర తాడును గిలక మీదుగా దించి బరువు వేలాడదీశాను. గాలికి స్తంభం వంగినప్పుడు బరువు లేస్తుంది, తీగ తెగదు.

అనునాదం 14.15. కింద వదిలిన తేడా సరిపోయింది. నిరోధం 70 ఓమ్‌లు, ఎస్‌డబ్ల్యుఆర్ 1.4. బ్యాండ్ రెండు చివర్లలోనూ 1.7 దాటలేదు. పైకి లేచాక ఎస్‌డబ్ల్యుఆర్ 'చెడింది', యాంటెన్నా బాగుపడింది. నేల నుంచి ప్రతిబింబించే తరంగం యాంటెన్నా మీద తిరిగి పడటం వల్ల, ఎత్తు పెరిగేకొద్దీ నిరోధం 73కు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అందుచేత ఫలానా డైపోల్ ఇంపెడెన్స్ ఇంత అని ఎత్తు చెప్పకుండా చెప్పడంలో అర్థం లేదు.

అర తరంగం ఎత్తులో నేరు కిరణమూ నేల ప్రతిబింబమూ కలిసి బలపడేది నేలకు సుమారు 30 డిగ్రీల కోణంలో. పావు తరంగం ఎత్తులో ఉంటే బలమంతా నడినెత్తికి పోతుంది. ఒక తరంగం ఎత్తుకు వెళ్తే 15 డిగ్రీల లోపు ఒక కిరణపుంజం వస్తుంది. దూరపు స్టేషన్లతో మాట్లాడాలనుకునేవారు తీగ పొడవును సెంటీమీటర్లలో సవరించడానికి పెట్టే సమయాన్ని ఎత్తు పెంచడానికి పెడితే ఎంతో మేలు. రెండో మీటరు నుంచి పదో మీటరుకు వెళ్లాక వినబడిన బ్యాండ్ వేరే బ్యాండ్‌లా ఉంది.

ఇక్కడికి పాఠ్యపుస్తకపు డైపోల్ తయారైంది. ఇప్పుడు షరతులు తీయడం మొదలు.

ఆదివారం: పొడవు షరతు

దించి, ఒక్కో రెక్కను 2.65 మీటర్లకు కుదించాను. మొత్తం పావు తరంగం. సిద్ధాంతం ప్రకారం దీని ప్రసార నిరోధం 12 ఓమ్‌ల చుట్టూ, దానితో పాటు వందల ఓమ్‌ల కెపాసిటివ్ రియాక్టెన్స్ ఉండాలి. ఎనలైజర్ కూడా అలాంటిదే చూపింది. ఫీడుకు అటో కాయిల్, ఇటో కాయిల్ పెట్టి ఆ రియాక్టెన్స్‌ను చెరిపేశాక అనునాదం దక్కింది. కాయిల్ తీగ తినే కొన్ని ఓమ్‌లు 12 ఓమ్‌ల పక్కన చిన్నవి కావు; శక్తిలో పావు వంతు దాకా వేడిగా పోయే అవకాశం ఉంది. బ్యాండ్‌విడ్త్ కూడా బాగా ఇరుకైంది, పౌనఃపున్యం కాస్త జరిపితే చాలు మళ్లీ సరిచేసుకోవాలి.

కానీ ప్రసార రూపం? దాదాపు అదే. అర తరంగం డైపోల్ గెయిన్ ఐసోట్రోపిక్ (అన్ని దిశల్లోనూ సమానంగా ప్రసరించే ఊహా యాంటెన్నా) ఆధారంగా 2.15 డెసిబెల్. ఎంత కురచదైనా, నష్టాలు లేవనుకుంటే, డైపోల్‌కు 1.76 డెసిబెల్. తేడా అర డెసిబెల్ కూడా లేదు. తీగకు లంబంగా బలం, చివర్ల దిశలో శూన్యం. ఇది పొడవుతో మారలేదు.

హెయిన్రిచ్ హెర్ట్జ్ 1880ల చివర్లో కార్ల్స్‌రూలో వాడిన ప్రసారిణి గుర్తొచ్చింది. నడుమ నిప్పురవ్వ సందు, అటూ ఇటూ తిన్నని వాహకాలు, వాటి చివర్లలో పెద్ద జింకు గోళాలు. ఆ గోళాలు కెపాసిటన్స్ పెంచి, అర తరంగం కన్నా కురచైన వాహకాలతోనే అనునాదం తెచ్చాయి. రేడియో చరిత్రలోని తొలి డైపోల్‌కే పొడవు షరతు వర్తించదు. కాబట్టి అర తరంగం పొడవు డైపోల్‌ను వాడుకోవడానికి సులువు చేస్తుంది. కాయిల్ అక్కర్లేదు, నిరోధం కేబుల్‌కు దగ్గరగా వస్తుంది, నష్టాలు తక్కువ. గొప్ప సుగుణాలే. నిర్వచనం మాత్రం అది కాదు.

ఆదివారం మధ్యాహ్నం: తిన్నదనం

రెక్కలను మళ్లీ పూర్తి పొడవుకు విప్పి, మధ్య భాగం మాత్రమే పైకి లాగి, చివర్లను రెండు వైపులా కిందికి దించి కట్టాను. తిరగేసిన వి ఆకారం. రెక్కల నడుమ కోణం 110 డిగ్రీల చుట్టుపక్కల. నిరోధం 70 నుంచి 52కు దిగింది. అనునాదం కొంచెం జరిగింది, చివర్లలో సవరించాను. చివర్ల దిశలోని శూన్యం కొంత పూడుకుంటుంది, ఎందుకంటే వాలిన తీగకు నిలువు ధ్రువణం కూడా ఉంటుంది.

నష్టం పెద్దగా లేదు. కరెంటు ఎక్కువ ఉండేది మధ్యలో. ఆ మధ్య భాగం ఎత్తులోనే ఉంది. చోటు చాలనివారు రెక్కల చివరి మీటరును కిందికి వేలాడదీసినా, పక్కకు మలిచినా యాంటెన్నా పెద్దగా పట్టించుకోదు. మీటరు సూది 12 చూపిన చోటు అది. ఒకటే జాగ్రత్త, అక్కడ వోల్టేజి ఎక్కువ కాబట్టి ఆకులకూ గోడలకూ తగలకూడదు. తిన్నదనం కూడా పోయింది, డైపోల్ మిగిలింది.

బుధవారం: నడిమి ఫీడు

ఇది కాస్త ఆసక్తికరమైనది. అదే మొత్తం పొడవు, కానీ ఫీడును ఒక చివర నుంచి మూడో వంతు దగ్గరకు జరిపాను. రెక్కలు ఇప్పుడు ఒకటి 3.25 మీటర్లు, రెండోది 6.5. అనునాదం దాదాపు ఉన్నచోటే ఉంది. తీగ మొత్తం పొడవే అనునాదాన్ని నిర్ణయిస్తుంది, ఎక్కడ కోశామన్నది కాదు. ఇంపెడెన్స్ మాత్రం పెరిగింది. మధ్యకు 30 విద్యుత్ డిగ్రీల (అర తరంగం మొత్తం 180 డిగ్రీలు) దూరంలో కరెంటు గరిష్ఠంలో 87 శాతం. అదే శక్తి తక్కువ కరెంటుతో వెళ్లాలంటే నిరోధం మూడింట ఒక వంతు పెరగాలి. నాకు కనబడింది 100 ఓమ్‌ల చుట్టూ. చివరికి ఇంకా జరిపితే వేల ఓమ్‌లకు పోతుంది.

ఇలా పక్కకు జరిపిన ఫీడుతో, నాలుగుకు ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, తక్కువ పౌనఃపున్యానికి కోసిన ఒకే తీగను రెట్టింపు పౌనఃపున్యపు బ్యాండ్ల మీద కూడా నడిపేవారు ఎంతోమంది ఉన్నారు. నడిమి ఫీడుకు రెట్టింపు పౌనఃపున్యం దగ్గర కరెంటు కనిష్ఠం ఎదురవుతుంది కాబట్టి అది కుదరదు. పక్క ఫీడుకు కుదురుతుంది. ఇవీ డైపోల్‌లే. తీగను కోసిన పౌనఃపున్యం దగ్గర కరెంటు పంపకం అదే, ప్రసార రూపం అదే.

అయితే ఇక్కడ మీటరు ఒక కొత్త సంగతి చెప్పింది. చోక్ ఉన్నా కూడా కోయాక్స్ బయట కరెంటు 3 నుంచి 11కు పెరిగింది. కావడి బద్దను భుజం మీద ఒక పక్కకు జరిపితే బరువు ఎటు లాగుతుందో తెలిసినట్టే, రెక్కలు సమానంగా లేనప్పుడు కోయాక్స్ షీల్డు మీదికి తోపు పెరుగుతుంది. దాన్ని ఆపే భారమంతా చోక్ మీద పడింది. ఈ పరిశీలనే నన్ను చివరి పరీక్షకు సిద్ధం చేసింది.

శనివారం: చోక్ తీసేశాక

నడిమి ఫీడు, సమాన రెక్కలు, తిన్నని తీగ, అర తరంగం. పాఠ్యపుస్తకపు షరతులన్నీ తిరిగి పెట్టాను. తీగను మళ్లీ రెండు మీటర్లకు దించి, కోయాక్స్‌ను ఒక రెక్క కింద ఏటవాలుగా తీసుకెళ్లాను. తొలగించింది ఒక్క చోక్‌ను మాత్రమే. బయటి చూపుకు యాంటెన్నాలో ఏ మార్పూ లేదు. బొమ్మ గీస్తే డైపోల్ బొమ్మే వస్తుంది.

నడితీగకు కలిసిన రెక్క: 90. షీల్డుకు కలిసిన రెక్క: 61. కోయాక్స్ బయట: 38.

తీసివేత చేస్తే 29 కదా, 38 ఎందుకొచ్చింది? ఈ మూడు కరెంట్లూ ఒకే క్షణంలో శిఖరానికి చేరవు, దశల్లో తేడా ఉంటుంది కాబట్టి మామూలు తీసివేత పనిచేయదు. విషయం మాత్రం స్పష్టం. నడితీగలోకి వెళ్లిన కరెంటుకు సమానమైనది తిరిగి రావాలి. అది షీల్డు లోపలి ముఖం మీదనే వస్తుంది. కానీ పైకొసలో ఆ లోపలి ముఖానికి రెండు దారులు కలుస్తున్నాయి: రెక్క ఒకటి, షీల్డు బయటి ముఖం మరొకటి. కరెంటు రెండు దారుల్లోనూ చీలింది. నేను కట్టినది రెండు రెక్కల యాంటెన్నా అనుకున్నాను కానీ ప్రసరిస్తున్నవి మూడు తీగలు. మూడోది నేరుగా రేడియో దాకా వస్తోంది.

కోయాక్స్‌ను పిడికిట్లో పట్టుకున్నాను. ఎనలైజర్ తెరపై ఎస్‌డబ్ల్యుఆర్ గీత కనిష్ఠం పక్కకు జరిగింది. వదిలితే వెనక్కి వచ్చింది. కేబుల్‌ను నేల మీద ఇంకో వైపు పరిస్తే ఇంకో చోటుకు వెళ్లింది. చోక్ తిరిగి పెట్టాక ఎంత పట్టుకున్నా, ఎటు తిప్పినా గీత కదల్లేదు. ఈ పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. తమ డైపోల్ మీద అనుమానం ఉన్న ఎవరైనా కేబుల్‌ను చేత్తో పట్టి చూడవచ్చు, తక్కువ శక్తిలో.

తర్వాత 20 మీటర్ల దూరంలో, తీగ చివరికి ఎదురుగా, నిలువు ప్రోబ్ ఉన్న చిన్న క్షేత్రబల మీటరు పెట్టి చూశాను. చోక్ ఉన్నప్పుడు సూది కదిలీ కదలనట్టు ఉంది. తీసేయగానే లేచి నిలబడింది. ఆ ప్రసారం రెక్కలది కాదు, కేబుల్‌ది. డైపోల్‌కు ఉండవలసిన శూన్యం అక్కడ లేదు.

పది మీటర్ల ఎత్తుకు ఎక్కించాక ఇది ఇంకా తీవ్రం కావచ్చు. షీల్డు లోపల తరంగ వేగం కాంతి వేగంలో 66 శాతం. చాలామంది బయటి ముఖానికీ ఆ లెక్కే వేస్తారు. బయటి ముఖం చుట్టూ ఉన్నది సన్నని తొడుగూ గాలీ మాత్రమే, కాబట్టి అక్కడ వేగం కాంతి వేగానికి చాలా దగ్గర. నా కేబుల్ ఫీడు నుంచి నిటారుగా దిగి భూమి కడ్డీకి కలిస్తే ఆ దూరం ఇంచుమించు అర తరంగం. అర తరంగం అవతల భూమికి కలిపిన తీగ ఇవతల కొసన కూడా తక్కువ ఇంపెడెన్స్‌గానే కనబడుతుంది. అంటే కరెంటును రమ్మని పిలిచినట్టే. పావు తరంగం దూరంలో భూమికి కలిపి ఉంటే అదే కేబుల్ ఎక్కువ ఇంపెడెన్స్ చూపి పెద్దగా కరెంటు లాక్కోదు. 'చోక్ లేకుండానే నా డైపోల్ హాయిగా పనిచేస్తోంది' అనేవారూ, 'నాకు మైకు పట్టుకుంటే పెదవికి చురుక్కుమంటోంది' అనేవారూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వారి కేబుళ్ల పొడవులు వేరు.

నా ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికిందని నమ్ముతున్నాను. కురచ చేసినా, వంచినా, ఫీడు జరిపినా డైపోల్ డైపోల్‌గానే నిలిచింది. రెండు రెక్కలు మాత్రమే ఒకదానికొకటి తిరుగుదారిగా ఉండాలన్న షరతు పోగానే, పైకి ఏమీ మారకపోయినా, అది వేరే యాంటెన్నా అయిపోయింది. ఫీడు దగ్గర ఒక రెక్కలోకి ఎంత వెళ్తే రెండో రెక్క నుంచి అంతే రావాలి. భూమినీ, కేబుల్‌నూ, రేడియో పెట్టెనూ సాయం అడగకూడదు. నేను డైపోల్ అనేది దాన్ని.

ఈ కొలమానంతో చూస్తే పక్కనున్న యాంటెన్నాల చోటు కూడా తేలుతుంది. పావు తరంగం నిలువు తీగకు రెండో రెక్క నేలా, నేల మీద పరిచిన రేడియల్ తీగలూ. అది డైపోల్ కాదు. అర తరంగం తీగకు ఒక చివరే ఫీడు ఇచ్చే యాంటెన్నాలో తీగ మీద కరెంటు పంపకం డైపోల్‌దే. చివర్లో ఇంపెడెన్స్ వేల ఓమ్‌లు కాబట్టి కావలసిన తిరుగు కరెంటు కొంచెమే, కానీ ఆ కొద్దిపాటిదాన్ని కోయాక్సో, చిన్న అదనపు తీగో ఇవ్వాలి. ఎంతో ఉపయోగకరమైన యాంటెన్నా. నా లెక్కలో డైపోల్‌కు దగ్గరి బంధువు. మడత డైపోల్ మాత్రం నిస్సందేహంగా డైపోల్. రెండో సమాంతర తీగ వల్ల ఇంపెడెన్స్ నాలుగు రెట్లై 300 ఓమ్‌లకు దగ్గరవుతుంది, రెక్కల సమతూకం చెక్కుచెదరదు.

ఆదివారం: స్థిరమైన రూపం

చోక్ తిరిగి ఫీడు కిందే బిగించాను. ఒక్క చోక్‌తో అన్నీ తీరవని కూడా కొలతలో కనబడింది. కోయాక్స్ ఒక రెక్క కింద పోతున్నప్పుడు, చోక్ దాటాక కూడా కేబుల్ మీద సూది 9 చూపింది. అది ఫీడు నుంచి కారిన కరెంటు కాదు, రెక్క క్షేత్రం నేరుగా కేబుల్‌లో ప్రేరేపించినది. కేబుల్‌ను రెక్కలకు లంబంగా దూరం తీసుకెళ్లాక 3కు దిగింది. అందుకే ఇప్పుడు కోయాక్స్ ఫీడు నుంచి నిటారుగా కిందికి దిగి, నేల దగ్గర రెక్కలకు అడ్డదిశలో వెళ్తుంది. రేడియో గదిలోకి వచ్చే ముందు ఇంకో చోక్ పెట్టాను.

రెండో చోక్ ప్రభావం ప్రసారంలో కన్నా వినికిడిలో తెలిసింది. గదిలోని విద్యుత్ అడాప్టర్ల రొద కోయాక్స్ బయటి ముఖం మీదుగా ఎక్కి ఫీడు దగ్గర లోపలికి దూరుతుంటుంది. రేడియోలో సంకేత బలం చూపే ఎస్-మీటరుపై ఆరు దగ్గర ఉండే నేపథ్య శబ్దం నాలుగుకు తగ్గింది. ఒక్కో ఎస్ యూనిట్ ఆరు డెసిబెల్ అనుకుంటే అది పన్నెండు డెసిబెల్. పంపే శక్తిని పదహారు రెట్లు పెంచితే అవతలివారికి నా మాట ఎంత మెరుగవుతుందో, వారి మాట నాకు అంత మెరుగైంది.

చివరి కొలతలు: ఒక్కో రెక్క మడత తర్వాత 4.90 మీటర్లు, అనునాదం 14.15, నిరోధం 70 ఓమ్‌లు, బ్యాండ్ అంతటా ఎస్‌డబ్ల్యుఆర్ 1.7 లోపు. మడిచిన కొసలను కోసేయలేదు, టేపుతో తీగకు బిగించాను.

తర్వాతి పని 7 మెగాహెర్ట్జ్ రెక్కలు. 143ను 7.1తో భాగిస్తే మొత్తం 20.1 మీటర్లు, తొడుగు లెక్క తీశాక ఒక్కో రెక్క 9.8 దగ్గర తేలుతుంది. వాటిని ఇదే మధ్య పలకకు కలిపి, ఇప్పటి రెక్కల కింద అరమీటరు ఎడంతో వేలాడదీస్తాను. రెండు జతల నడుమ పరస్పర ప్రభావం వల్ల 14 మెగాహెర్ట్జ్ అనునాదం జరుగుతుంది, ఆ మడతలను మళ్లీ విప్పాల్సి రావచ్చు. మిక్స్ 31 చోక్ 7 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా పనికొస్తుంది కాబట్టి దాన్ని మార్చను. కలిపిన వెంటనే చేసే మొదటి కొలత ఎస్‌డబ్ల్యుఆర్ కాదు. ఫెర్రైట్ బిళ్లను ముందు కోయాక్స్ చుట్టూ మూసి, సూది ఎక్కడుందో చూస్తాను.